రేటింగ్ దిగొచ్చు... టైటిల్ దిగదు!

*గ్రాండ్‌మాస్టర్ అయ్యాక ఆట తగ్గితే ఆ హోదా పోతుందా? పిల్లలకు చెస్ నేర్పిస్తున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహమే ఇది. జవాబు ఒక్క మాటలో చెప్పొచ్చు. కానీ ఆ ఒక్క మాట వెనక కథ చాలా ఉంది.*

ఆదివారం పొద్దున అబిడ్స్ ఎలా ఉంటుందో హైదరాబాదీలకు చెప్పనక్కర్లేదు. షట్టర్లు దించిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ పొడవునా పుస్తకాలు పరుచుకుంటాయి. ఇంజినీరింగ్ గైడ్లు, పాత నవలలు, ఎవరో ఎవరికో ప్రేమతో సంతకం చేసి ఇచ్చిన బహుమతి ప్రతులు... ఓపిగ్గా వెతికితే వాటి మధ్య ఎక్కడో ఒకటీ అరా చదరంగం పుస్తకాలూ దొరుకుతాయి. అట్ట చిరిగి ఉంటుంది. ధర సగానికి సగం పడిపోయి ఉంటుంది. గట్టిగా బేరమాడితే ఇంకాస్త తగ్గుతుంది. అట్ట మీద రచయిత పేరుకు ముందున్న ఒక్క మాట మాత్రం ఏ బేరానికీ తగ్గదు. ఆ మాట... గ్రాండ్‌మాస్టర్!

ఆ పుస్తకం రాసిన పెద్దాయన ఆట మానేసి ఎన్నేళ్లయిందో! ఇవాళ బోర్డు ముందు కూర్చుంటే హైస్కూలు కుర్రాడి చేతిలో ఓడిపోయినా ఆశ్చర్యం లేదు. అయినా ఆయన గ్రాండ్‌మాస్టరేనా?

చెస్ టోర్నీలు జరిగే చోట హాలు బయట కూర్చుని ఉండే అమ్మానాన్నల మధ్య నలిగే ప్రశ్నల్లో ఇదొకటి. లోపల పిల్లలు ఆడుతుంటారు. బయట పెద్దవాళ్లు గోడకు అంటించిన జాబితా చూస్తుంటారు. ఒక పేరు పక్కన జీఎం అని ఉంటుంది. దాని పక్కన రేటింగ్ 2390. 'అదేమిటి, గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 ఉండాలి కదా? మరి ఈయనకు ఇంకా ఆ హోదా ఎలా ఉంది?' అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

జవాబు: ఉంటుంది. జన్మంతా ఉంటుంది.

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య... అదే, ఫిడే నియమావళిలో ఈ సంగతి స్పష్టంగానే ఉంది. టైటిల్ ఇచ్చిన రోజు నుంచి జీవితకాలం చెల్లుతుంది. రేటింగ్ ఎంత పడిపోయినా, ఆట పూర్తిగా మానేసినా దాన్ని వెనక్కి తీసుకోరు. రెన్యువల్ లేదు. మళ్లీ పరీక్ష లేదు.

రెండూ ఒకటి కాదు

ముందు ఒక చిక్కుముడి విప్పుకుందాం. రేటింగ్, టైటిల్... ఈ రెంటినీ మనం కలిపేసి మాట్లాడుకుంటాం. నిజానికి రెండూ వేర్వేరు.

రేటింగ్ అంటే బీపీ రీడింగ్ లాంటిది. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి. టైటిల్ పదో తరగతి సర్టిఫికెట్ లాంటిది. ఆ రోజు పరీక్ష రాశారు, నెగ్గారు, కాగితం చేతికొచ్చింది. ఇవాళ ఆ త్రికోణమితి సూత్రాలు ఒక్కటీ గుర్తులేవని బోర్డు వాళ్లు ఇంటికొచ్చి సర్టిఫికెట్ పట్టుకుపోరు కదా!

రేటింగ్ లెక్కకు ఆద్యుడు అర్పాద్ ఎలో. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు. మంచి ఆటగాడు కూడా. ఆయన పద్ధతిని అమెరికా చెస్ సమాఖ్య 1960లో, ఫిడే 1970లో తీసుకున్నాయి. టైటిళ్లు అంతకంటే ముందువే. ఫిడే 1950లోనే 27 మంది మేటి ఆటగాళ్లకు గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది. అంటే రేటింగుల జాబితా పుట్టకముందే గ్రాండ్‌మాస్టర్లు ఉన్నారన్నమాట. వాళ్లు చేసిన పనికి ఇచ్చిన గుర్తింపు అది. ఆ తర్వాత వచ్చిన కొలబద్దతో పాత గుర్తింపును కొలిచి వెనక్కి తీసుకోవడం కుదరదు.

మన దేశానికే వద్దాం. మాన్యుయెల్ ఆరన్ 1961లో ఇంటర్నేషనల్ మాస్టర్ అయ్యారు. ఆ హోదా దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ తర్వాత మనకు మొదటి గ్రాండ్‌మాస్టర్ దొరకడానికి 1988 దాకా, అంటే విశ్వనాథన్ ఆనంద్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆరన్ గారి టైటిల్‌కు అరవై ఏళ్లు దాటాయి. అది అలాగే ఉంది. ఉండాలి కూడా.

ఎలా వస్తుంది?

'జన్మంతా ఉంటుందంటే అంత తేలిగ్గా ఎలా ఇచ్చేస్తారు?' అని అడుగుతారేమో. తేలిగ్గా ఇవ్వరు. అక్కడే ఉంది కిటుకు.

గ్రాండ్‌మాస్టర్ కావాలంటే రెండు మెట్లు ఎక్కాలి. ఒకటి, రేటింగ్ ఒక్కసారైనా 2500 తాకాలి. రెండోది, నార్మ్‌లు సంపాదించాలి. నార్మ్ అంటే ఒక టోర్నీలో, సాధారణంగా తొమ్మిది ఆటల్లో, 2600 రేటింగ్ ఉన్నవాళ్ల స్థాయిలో ఆడి చూపించడం. ఎదురు కూర్చునేవాళ్లు ఎవరైనా ఫర్వాలేదంటే కుదరదు. వాళ్లలో కనీసం మూడోవంతు గ్రాండ్‌మాస్టర్లు ఉండాలి. ఒకే దేశం వాళ్లు కాకుండా పలు దేశాల వాళ్లు ఉండాలి. ఇలాంటి నార్మ్‌లు కలిపి కనీసం 27 ఆటలు కావాలి. మామూలుగా అవి మూడు నార్మ్‌లవుతాయి.

ఇంటర్నేషనల్ మాస్టర్‌కూ ఇలాంటి నార్మ్‌లే, కాకపోతే రేటింగ్ 2400 చాలు. ఫిడే మాస్టర్‌కు 2300, క్యాండిడేట్ మాస్టర్‌కు 2200. ఈ రెంటికీ నార్మ్‌ల బాధ లేదు. మహిళలకు విడిగా ఉన్న టైటిళ్లలో మహిళా గ్రాండ్‌మాస్టర్‌కు 2300, మహిళా ఇంటర్నేషనల్ మాస్టర్‌కు 2200. హంపి, హారికలది మాత్రం ఈ మహిళా గ్రాండ్‌మాస్టర్ హోదాతో ఆగిపోయిన కథ కాదు. ఇద్దరూ మగవాళ్లతో సమానమైన పూర్తి స్థాయి గ్రాండ్‌మాస్టర్లు.

ఇంకో తమాషా చూడండి. ఆ 2500 అనేది నెల జాబితాలో అచ్చు కానక్కర్లేదు. ఒక టోర్నీ మధ్యలో, ఫలానా రౌండ్ అయ్యేసరికి లెక్క 2500కు చేరితే చాలు. ఆ తర్వాతి మూడు ఆటలూ ఓడిపోయి కిందికి జారినా సరే, తాకినట్టే లెక్క. అంటే టైటిల్ చేతికొచ్చే రోజుకే రేటింగ్ 2500 కింద ఉన్నవాళ్లు ఉండొచ్చు. 'పడిపోతే తీసేయాలి' అనే నియమమే ఉంటే కొందరికి ఇచ్చిన రోజే తీసేయాల్సి వచ్చేది!

మన ఇంటి ఉదాహరణలు

ఇదంతా పుస్తకాల్లో లెక్క. మనవాళ్ల బతుకుల్లో ఎలా ఉంటుందో చూద్దాం.

గుంటూరులో పుట్టిన ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్ అయింది. మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 2012, 2015, 2017లలో మూడుసార్లు కాంస్యం గెలిచింది. 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఆడి జట్టుతో పాటు కాంస్యం అందుకుంది. 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మన మహిళల జట్టు మొదటిసారి స్వర్ణం గెలిచినప్పుడు మొదటి బోర్డు మీద కూర్చుంది హారికే. ఆ టోర్నీలో ఆమెకు ఎదురుదెబ్బలు తగిలాయి. కానీ చివరి రౌండ్లో అజర్‌బైజాన్ మీద గెలిచి తీరాల్సిన రోజున ఆమె గెలిచింది.

2025 జులైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ జరిగింది. అప్పటికి హారిక రేటింగ్ 2500కు కాస్త కిందే. టైటిల్‌కు పద్నాలుగేళ్లు. ఎవరూ 'మీరు ఇంకా గ్రాండ్‌మాస్టరేనా?' అని అడగలేదు. క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. అక్కడ ఆమెను టైబ్రేక్‌లో ఓడించిన అమ్మాయి నాగ్‌పుర్‌కు చెందిన దివ్యా దేశ్‌ముఖ్. అప్పటికి దివ్య గ్రాండ్‌మాస్టర్ కాదు. ఒక్క గ్రాండ్‌మాస్టర్ నార్మ్ కూడా లేదు. ఫైనల్లో మన కోనేరు హంపిని కూడా టైబ్రేక్‌లోనే ఓడించి కప్పు గెలిచింది. ప్రపంచ కప్ గెలిస్తే నేరుగా టైటిల్ ఇచ్చే నియమం ఉంది కాబట్టి, నార్మ్‌ల ప్రసక్తి లేకుండానే ఆ రోజే దేశానికి 88వ గ్రాండ్‌మాస్టర్ అయిపోయింది.

ఆ పోటీని ఇంకోసారి చూడండి. ఒక పక్క రేటింగ్ 2500 కింద ఉన్న గ్రాండ్‌మాస్టర్. ఇంకో పక్క ఒక్క నార్మ్ కూడా లేకుండానే గ్రాండ్‌మాస్టర్ కాబోతున్న అమ్మాయి. ఇద్దరికీ నియమాలు న్యాయమే చేశాయి. ఒకరు ఎప్పుడో చేసింది చెరిగిపోలేదు. ఇంకొకరు ఇప్పుడు చేసింది లెక్కలోకి రాకుండా పోలేదు.

ఇక హంపి. 2002లో 15 ఏళ్ల ఒక నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటికి ప్రపంచంలో ఆ హోదా సాధించిన మహిళల్లో అందరికంటే చిన్నది. జుడిత్ పోల్గార్ రికార్డును దాటిన గుడివాడ అమ్మాయి అని మన ఇళ్లలో ఎంత మురిసిపోయామో గుర్తుండే ఉంటుంది. 2009 జులైలో ఆమె రేటింగ్ 2623. అదే శిఖరం. తర్వాత పెళ్లి, పాప. రెండేళ్లు ఆటకు దూరం. 2018లో బటూమి ఒలింపియాడ్‌తో మళ్లీ వచ్చింది. పాత అంకె మళ్లీ అందలేదు. కానీ 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో పదకొండు ఆటల్లో ఎనిమిదిన్నర పాయింట్లతో రెండోసారి అదే టైటిల్ గెలిచింది. అప్పటికి వయసు 37. రేటింగ్ శిఖరం దాటిపోయి పదిహేనేళ్లు!

గుంటూరు జిల్లా కుర్రాడు పెంటేల హరికృష్ణ 2001లోనే గ్రాండ్‌మాస్టర్. 2016 చివర్లో 2770 రేటింగ్‌తో ప్రపంచంలో మొదటి పదిమందిలో ఒకడయ్యాడు. ఆ తర్వాతి ఏళ్లలో రేటింగ్ 2700 కిందికి కూడా దిగింది. అయితేనేం? 2024లో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచినప్పుడు అతనికి వెనక ఉండి ఎత్తులు సిద్ధం చేసిన బృందంలో హరికృష్ణ ఉన్నాడు. అంకె తగ్గినంత మాత్రాన బుర్రలో ఉన్న చదరంగం తగ్గదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

వరంగల్ అబ్బాయి ఇరిగేశి అర్జున్‌దీ అదే దారి. తెలంగాణ నుంచి తొలి గ్రాండ్‌మాస్టర్. 2024 డిసెంబరు జాబితాలో 2801. ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు. 2025లో మళ్లీ 2700ల్లోకి వచ్చాడు. ఆకాశం తాకి కాస్త కిందికి దిగాడు, అంతే. తాకాడన్నది ఎవరూ చెరపలేరు.

అసలెందుకు పడిపోతుంది?

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. భయపడకండి, ఎనిమిదో తరగతి లెక్కే.

ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉందనుకోండి. పెద్ద రేటింగ్ ఉన్నవాళ్లు సగటున ఒక్కో ఆటకు 0.76 పాయింటు తెచ్చుకోవాలని ఎలో లెక్క. అంటే నాలుగు ఆటలకు దాదాపు మూడు పాయింట్లు. అంతకంటే తక్కువ తెస్తే రేటింగ్ కోత. ఆ కోత ఎంతన్నది ఆటగాడిని బట్టి మారుతుంది. ఒక్కసారి 2400 తాకినవాళ్లకు ఆ తేడాను 10తో గుణిస్తారు. మామూలు పెద్దవాళ్లకు 20తో. కొత్తవాళ్లకు, 2300 లోపు ఉన్న 18 ఏళ్ల లోపు పిల్లలకు 40తో.

ఇప్పుడు 2500 గ్రాండ్‌మాస్టర్ 2300 కుర్రాడితో డ్రా చేసుకున్నాడనుకుందాం. 2.6 పాయింట్లు పోతాయి. ఓడితే 7.6 పోతాయి. గెలిస్తే వచ్చేది 2.4 మాత్రమే. ఓ పది టోర్నీలు ఇలా దూసుకొచ్చే కుర్రాళ్లతో ఆడితే గ్రాండ్‌మాస్టర్ రేటింగ్ ఎటు పోతుందో మీరే చెప్పండి. పైగా మన పిల్లల అసలు బలం వాళ్ల రేటింగ్ కంటే ముందే పరుగెడుతుంటుంది. జాబితాలో 2300 అని ఉంటుంది, బోర్డు మీద 2450 వాడిలా ఆడతాడు. వాడు మంచి కోచ్ దగ్గర ఆర్నెల్లు కష్టపడ్డాడు. ఆ కష్టం ఇంకా జాబితాకెక్కలేదు.

ఆ గ్రాండ్‌మాస్టర్‌కు ఇంట్లో పాప పుట్టి ఉండొచ్చు. ఉద్యోగం ఉండొచ్చు. నలభై దాటి ఉండొచ్చు. ఐదు గంటలు కదలకుండా కూర్చునే ఓపిక తగ్గి ఉండొచ్చు. ఇవేవీ ఆయన ఒకప్పుడు చేసిన పనిని అబద్ధం చెయ్యవు.

అసలు అంకె ఎంత చంచలమో చెప్పే సంగతి ఇంకొకటుంది. 2024 మార్చిలో ఫిడే రేటింగుల అడుగు హద్దును 1000 నుంచి 1400కు పెంచింది. 2000 లోపు ఉన్నవాళ్లందరికీ, ఆ 2000కు ఎంత తక్కువ ఉంటే అందులో నలభై శాతం కలిపింది. నిద్రపోయేటప్పుడు 1500 ఉన్న పిల్లాడు లేచేసరికి 1700 అయ్యాడు. రాత్రికి రాత్రి వాడి ఆట మారిందా? లేదు. కొలబద్ద మారింది.

పోగొట్టుకున్నవాళ్లు లేరా?

ఉన్నారు. కానీ వాళ్లెవరూ రేటింగ్ పడిపోయి పోగొట్టుకోలేదు. అడ్డదారి తొక్కి పోగొట్టుకున్నారు.

2015లో దుబాయ్ ఓపెన్‌లో జార్జియా గ్రాండ్‌మాస్టర్ గయోజ్ నిగలిద్జే ఆట మధ్యలో మాటిమాటికీ టాయిలెట్‌కు వెళ్తున్నాడని ప్రత్యర్థికి అనుమానం వచ్చింది. వెతికితే అక్కడ ఫోన్ దొరికింది. అందులో అదే ఆటను కంప్యూటర్ విశ్లేషిస్తోంది! అతని గ్రాండ్‌మాస్టర్ హోదా తీసేశారు. మూడేళ్లు నిషేధం. 2019 జులైలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఇగోర్స్ రౌసిస్ కథ కూడా అంతే. అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. ఆ వయసులో రేటింగ్ పెరుగుతూ పెరుగుతూ 2700 దగ్గరికొచ్చింది. అందరూ ముక్కున వేలేసుకున్నారు. చివరికి టాయిలెట్‌లో ఫోన్‌తో దొరికిపోయాడు. ఆ ఏడాదే టైటిల్ పోయింది, ఆరేళ్లు నిషేధం పడింది.

చూశారా విచిత్రం? రేటింగ్ తగ్గినందుకు టైటిల్ పోలేదు. తగ్గకుండా ఎలాగైనా నిలబెట్టుకోవాలని, పెంచుకోవాలని చూసినందుకు పోయింది. తలవంపు ఓడిపోవడంలో లేదు, దొంగాటలో ఉందని ఆ నియమం చెప్పకనే చెబుతోంది.

బిరుదుల ఊళ్లో...

ఈ సంగతి మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. అబిడ్స్ నుంచి నాలుగడుగులు వేస్తే నాంపల్లి. పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం, ఆ పక్కనే కాస్త దూరంలో రవీంద్రభారతి. శాలువాలు, పూలదండలు, బిరుదు ప్రదానాలు... ఆ వేదికలు ఎన్ని చూసి ఉంటాయో! గాయకుడికి గొంతు వణికే వయసు వచ్చిందని ఇచ్చిన బిరుదు ఎవరైనా వెనక్కి అడిగారా? నాలుగు సినిమాలు వరసగా బోల్తా కొట్టాయని హీరో పేరు ముందున్న బిరుదును అభిమానులు పోస్టర్ల మీంచి చెరిపేశారా?

ఇంకా వెనక్కి వెళ్తే శ్రీనాథుడు ఉండనే ఉన్నాడు. విజయనగరంలో ప్రౌఢదేవరాయల కొలువులో డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకున్న కవిసార్వభౌముడు. చివరి రోజుల్లో పన్ను కట్టలేక నానా అగచాట్లు పడ్డాడని చెబుతారు. సిరి పోయింది. ఆదరించిన రాజులు పోయారు. ఆరు వందల ఏళ్ల తర్వాత కూడా మనం ఆయన్ను కవిసార్వభౌముడనే అంటున్నాం.

అన్ని ఆటల్లోనూ ఇలాగే ఉంటుందా అంటే ఉండదు. జపాన్ సుమో కుస్తీలో రెండో పెద్ద హోదా ఓజెకి. వరసగా రెండు టోర్నీల్లో ఓటములు ఎక్కువైతే ఆ హోదా నుంచి దించేస్తారు. అన్నిటికంటే పైదైన యోకోజునాను మాత్రం ఎప్పటికీ దించరు. కాకపోతే ఆట తగ్గిందనిపిస్తే ఆయనే గౌరవంగా తప్పుకోవాలి. అంటే హోదా పోదు, ఆడే హక్కు పోతుంది! చెస్‌లో ఆ బాధ లేదు. హోదా ఉంటుంది, ఆడుకోవచ్చు, ఓడిపోవచ్చు, మర్నాడు మళ్లీ రావొచ్చు.

చెస్‌లోనూ ఒక్క సింహాసనం మాత్రం శాశ్వతం కాదు. అదే ప్రపంచ చాంపియన్. 2013లో చెన్నైలో కార్ల్‌సన్ చేతిలో ఓడిన రోజున ఆనంద్ ఆ కిరీటం దించాల్సి వచ్చింది. గ్రాండ్‌మాస్టర్ హోదా మాత్రం చెక్కు చెదరలేదు.

టైటిల్‌తోనే అన్నీ అయిపోతాయా?

అవవు. ఇదీ చెప్పుకోవాలి. టైటిల్ ఉంటే చాలా ఓపెన్ టోర్నీల్లో ప్రవేశ రుసుం అడగరు. కోచింగ్ సెంటర్ బోర్డు మీద జీఎం అన్న రెండు అక్షరాలకు విలువుంటుంది. కానీ పెద్ద టోర్నీలకు పిలిచేవాళ్లు రేటింగ్ చూస్తారు. జట్టులోకి తీసుకునేటప్పుడు ఇప్పటి ఆట చూస్తారు. అందులో తప్పు లేదు. నిన్నటి పనికి గౌరవం, ఇవాళ్టి పనికి అవకాశం. రెంటికీ రెండు పద్దులు.

మీ పిల్లలకు కోచ్‌ను వెతికేటప్పుడు కూడా ఈ సంగతి పనికొస్తుంది. గ్రాండ్‌మాస్టర్ రేటింగ్ పడిపోయిందని ఆయన చెప్పలేడనుకోవద్దు. అలాగని టైటిల్ ఉంది కాబట్టి బాగా చెబుతాడనీ అనుకోవద్దు. ఆడటం వేరు, చెప్పడం వేరు. ఓ వారం పాఠాలు విన్నాక పిల్లల్నే అడగండి.

అసలు భయం ఎవరికి?

ఇంతకీ ఈ ప్రశ్న నిజంగా గ్రాండ్‌మాస్టర్ల గురించేనా? కాదేమో అనిపిస్తుంది. జాబితా ముందు నిలబడి 'పడిపోయాక కూడా హోదా ఉంటుందా?' అని అడిగే నాన్న మనసులో ఇంకో ప్రశ్న ఉంటుంది. 'మావాడి రేటింగ్ పడిపోతోంది. ఇన్నాళ్ల కష్టం, ఖర్చు వృథాయేనా?'

ఆ ఖర్చు చిన్నది కాదు. కోచ్ ఫీజులు, ప్రవేశ రుసుములు. నాంపల్లి స్టేషన్లో రైలెక్కి వెళ్తే వారం రోజులు హోటల్ గది. తోడుగా వెళ్లిన అమ్మకో నాన్నకో సెలవు. అంతా అయ్యాక తిరిగొచ్చేసరికి రేటింగ్ మైనస్ 60. రైల్లో ఎవరూ మాట్లాడరు. పిల్లవాడు కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు.

ఆ మైనస్ 60ని ఒకసారి విప్పి చూడండి. పిల్లలకు గుణించేది 40తో అని చెప్పుకున్నాం కదా. 1600 ఉన్న పాప 1500 ఉన్న బాబు చేతిలో ఒక్క ఆట ఓడితే 25 పాయింట్లకు పైగా పోతాయి. రెండు ఆటల్లో చివరి అరగంట కంగారుపడితే చాలు, యాభై గల్లంతు. అదే 40 గెలిచినప్పుడు ఎత్తేస్తుంది కూడా. ఈ వయసులో అంకె కొండవాగు లాంటిది. పొంగితే పొంగు, ఎండితే ఎండు.

అంకెను చూసి భయపడటం మొదలుపెట్టాక పిల్లలు రెండు పనులు చేస్తారు. ఒకటి, బలమైన టోర్నీలకు వెళ్లరు. రెండు, గెలిచే స్థితిలో కూడా డ్రా అడుగుతారు. రేటింగ్ కాపాడుకోవాలని ఆట మానేసే పెద్దవాళ్లకూ ఇదే జబ్బు. ఏడాది పాటు ఒక్క రేటెడ్ గేమ్ ఆడకపోతే ఫిడే జాబితాలో పేరు 'ఇన్‌యాక్టివ్' అవుతుంది. అంకె మాత్రం భద్రంగా ఉంటుంది, బీరువాలో దాచిన పట్టుచీరలా. కట్టుకోని చీర ఎందుకు?

చెన్నై అమ్మాయి వైశాలి 2025 ఆగస్టులో సొంత ఊళ్లో జరిగిన టోర్నీలో తొమ్మిది ఆటల్లో ఒకటిన్నర పాయింటుతో ఆఖరి స్థానంలో నిలిచింది. అప్పటికి గ్రాండ్‌మాస్టర్ అయి రెండేళ్లు కాలేదు. మర్నెలే సమర్కండ్ వెళ్లి మహిళల గ్రాండ్ స్విస్ గెలిచింది. అదే సమర్కండ్‌లో, ఓపెన్ విభాగంలో, ప్రపంచ చాంపియన్ గుకేశ్ వరసగా మూడు ఆటలు ఓడిపోయాడు. చెన్నైలో పెరిగిన మన తెలుగింటి పిల్లాడే. నాలుగో రోజు మళ్లీ వచ్చి బోర్డు ముందు కూర్చున్నాడు.

టైటిల్ జీవితాంతం ఉండటంలో ఉన్న మేలు ఇదే. ఎత్తుకు చేరినవాళ్లకు అది ఓడిపోయే ధైర్యం ఇస్తుంది. హారిక నలభై ఏళ్లకు దగ్గరపడుతున్నప్పుడు కూడా ఇరవై ఏళ్ల అమ్మాయిలతో ఆడుతుంది. ఓడితే రేటింగ్ పోతుంది, పేరు పోదు. రేటింగ్‌తో పాటు హోదా కూడా పోయే నియమమే ఉంటే చాలామంది పెద్దవాళ్లు ఎప్పుడో బోర్డు మడిచేసేవాళ్లు. వాళ్లు బోర్డు మడిచేస్తే మన పిల్లలకు నార్మ్‌లు ఎవరితో ఆడి వస్తాయి? మూడోవంతు గ్రాండ్‌మాస్టర్లు ఉండాలన్న నియమం గుర్తుంది కదూ!

టైటిల్ లేని మన పిల్లలకు ఆ ధైర్యం ఫిడే ఇవ్వదు. ఇంట్లోవాళ్లే ఇవ్వాలి. వచ్చేసారి టోర్నీ నుంచి మీ అబ్బాయో అమ్మాయో తిరిగొచ్చినప్పుడు 'ఎంత పోయింది?' అని అడక్కండి. అది ఒకటో తేదీన జాబితాలో ఎలాగూ కనిపిస్తుంది. స్నానం చేసి, అన్నం తిన్నాక బోర్డు తీసి, 'ఏదీ, నీకు నచ్చిన ఒక్క ఆట చూపించు నాన్నా' అనండి. ఓడిపోయిన ఆటైనా సరే.